మొలిచింది గానీ దూరలేదు

ఆ ఏడు వానలు తగ్గినా మబ్బు మాత్రం కదల్లేదు. పగలంతా ఆకాశం గొడుగు పట్టినట్టు మూసుకునే ఉండేది. తెల్లవారేసరికి వరి ఆకుల మీద మంచు బొట్లుబొట్లుగా నిలిచేది, ఎండ లేక మధ్యాహ్నం దాకా ఆరేది కాదు. ఒకరోజు మా ల్యాబులో మేడమ్ కిటికీ దగ్గర నిలబడి, "అగ్గితెగులుకి ఇంతకంటే మంచి వాతావరణం నేను కూడా తయారుచెయ్యలేను," అన్నారు. ఆవిడ సరదాకి మాట్లాడే మనిషి కాదు.

నేను ఆ ల్యాబులో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చదివింది రసాయనశాస్త్రం. వరి తెగుళ్ళ గురించి నాకు తెలిసిందల్లా ఆ బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నదే. అగ్గితెగులంటే ఒక రకం బూజు. కంటికి కనబడని దాని విత్తనాలు, స్పోర్లంటారు వాటిని, గాలిలో ఎగిరొచ్చి ఆకు మీద వాలతాయి. ఆకు తడిగా ఉంటే అక్కడే మొలకెత్తుతాయి. ఆ మొలకను చూడటమే నా ఉద్యోగం. బీరువాలో వరసగా ఉన్న సీసాల్లోంచి ఒక్కో రసాయనాన్నీ నీళ్ళలో కలిపి, గాజుపలక గుంటలో ఓ చుక్క వేసి, అందులో స్పోర్లు వదిలేదాన్ని. తడిగుడ్డ పరిచిన డబ్బాలో కొన్ని గంటలు ఉంచి, తీసి మైక్రోస్కోప్ కింద పెట్టేదాన్ని. ఉత్తి నీళ్ళలో అయితే ఒక్కో స్పోరు కొస నుంచీ సన్నటి దారం బయటికొచ్చేది. రాగి ఉప్పు, అదే మైలుతుత్తం, కలిపిన చుక్కలో అవి ఇసుక రేణువుల్లా ఉన్నవి ఉన్నట్టే పడి ఉండేవి. కొన్ని మందులు మరీ పలచనైతే వాటిలో స్పోర్లు ఉత్తి నీళ్ళలో కంటే హుషారుగా కూడా మొలిచేవి. మొలిచింది, మొలవలేదు. పొద్దుగూకులూ నాకివే రెండు మాటలు. అన్నం తింటూ మెతుకుల్లో కూడా మొలకలు వెతుకుతున్నానని వదిన ఎగతాళి చేసేది.

మా ఇల్లు అన్నయ్య కొట్టుకు వెనకాల. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్మేవాడు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక తలుపు, దానికో పాత పరదా. ఆ పరదాకి పట్టిన మందుల వాసన ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. నాన్న పోయాక మమ్మల్ని నిలబెట్టింది ఆ కొట్టే. నన్ను చదివించింది కూడా అదే. ఆ వేసవిలో మా వీధిలోనే, కాస్త అవతల, ఇంకో మందుల కొట్టు తెరిచారు. గాజు తలుపులు, లోపల ఫ్యాను, వచ్చినవాళ్ళకి కూర్చోడానికి కుర్చీలు. అందరూ దాన్ని కొత్త కొట్టు అనేవాళ్ళు. అన్నయ్య అటుగా నడవాల్సి వస్తే తల తిప్పుకుని నడిచేవాడు.

వరి ఇంకా ఈనక, పొట్ట మీదున్న రోజుల్లో ఒక పొద్దున మామయ్య వచ్చాడు. మామయ్య అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు, పక్క ఊళ్ళో ఉన్న చేనే ఆయనకు సంసారం. ఎరువు బస్తా మీద కూర్చుని, చొక్కా జేబులోంచి ఒక వరి ఆకు తీసి బల్ల మీద పెట్టాడు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ. మధ్యలో బూడిదరంగు, అంచున గోధుమరంగు.

"ఇది అదేనంటావా అల్లుడూ?"

అన్నయ్య ఆకును వెలుగుకు పట్టి చూశాడు. "అగ్గే మామయ్యా. చేనంతా ఉందా?"

"లేదు. గట్టు వారన అక్కడక్కడా. అందుకే పరిగెత్తుకొచ్చాను. మందిచ్చెయ్, ఇవాళే కొట్టేస్తాను."

"సరుకు దారిలో ఉంది. రేపు దిగుతుంది. ఒకట్రెండు రోజులాగు, మొదటి పెట్టె నీదే."

మామయ్య మెడ గోక్కున్నాడు. "కొత్త కొట్లో ఉందంటున్నారు మరి."

అన్నయ్య నవ్వాడు. "మేనల్లుడి కొట్టు దాటి అక్కడికెళ్తావా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? నువ్వే వెళ్తే ఇంక నా గడప ఎవరు తొక్కుతారు?"

"వెళ్తానన్నానా? ఉందంట అన్నాను." మామయ్య కూడా నవ్వాడు. "నువ్వాగమంటే ఆగుతాను. నాకు దీని సంగతి ఏం తెలుసు, నువ్వెంతంటే అంత."

అమ్మ టీ తెచ్చింది. మామయ్య తాగి వెళ్ళిపోయాడు. నేనా ఆకును కాగితంలో చుట్టుకుని ల్యాబుకు పట్టుకెళ్ళాను. తాజా స్పోర్లు దొరికాయని సంబరపడ్డాను కూడా.

అన్నయ్య చెప్పిన లారీ మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఎక్కడో ఎగువన వానలు పడి, వాగు పొంగి దారి తెగిందట. చివరికి వచ్చినరోజు మా కొట్టు ముందు సైకిళ్ళూ మోటారుసైకిళ్ళూ బారులు తీరాయి. అన్నయ్య చెమటలు కక్కుతూ పెట్టెలు విప్పి పొట్లాలు అందిస్తుంటే వదిన సాయం పట్టింది. వీధి చివర కొత్త కొట్టు ముందు ఒక్కడూ లేడు. ఆ సాయంత్రం అన్నయ్య తృప్తిగా భోజనం చేశాడు. చాలా రోజుల తర్వాత అమ్మతో జోకులు కూడా వేశాడు.

తర్వాత వరి ఈనింది. దూరం నుంచి చూస్తే చేలన్నీ పండినట్టు పచ్చబంగారంలా కనిపించేవి. దగ్గరికెళ్తేనే తెలిసేది. వెన్ను మొదట్లో మెడ నల్లబడి, విరిగి వేలాడుతూ ఉండేది. గింజ నొక్కితే పాలు లేవు, బియ్యం లేవు. ఉత్తి తాలు. మెడవిరుపు అన్నారు పెద్దవాళ్ళు. ఆకు మీది అగ్గి గొంతుకు పాకితే అంతే, చేను కాలినట్టే.

మామయ్య ఈసారి వచ్చినప్పుడు బస్తా మీద కూర్చోలేదు. వెనకాల ఇంకా కొంతమంది ఉన్నారు. చేతిలో ఉన్న కంకుల గుత్తిని అన్నయ్య ముందు బల్ల మీద పెట్టాడు.

"నీ మందు కొట్టిన చేనిది."

అన్నయ్య ముఖం పాలిపోయింది. "మామయ్యా, కంపెనీ సీలు వేసింది వేసినట్టే ఇచ్చాను. నువ్వే చింపావు కదా పొట్లం."

"సీలు మాట నాకు తెలీదు. నీ దగ్గర కొన్నవాళ్ళ చేలన్నీ ఇట్లాగే ఉన్నాయి. కొత్త కొట్లో కొన్నవాళ్ళవి నిలబడ్డాయి. గట్టు ఇవతల నాది, గట్టు అవతల వాళ్ళది. చూస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది."

వెనక నుంచి ఎవరో, "సుద్దపొడి కలిపాడు," అన్నారు. ఇంకెవరో, "ఇంకా మర్యాదేంటి వాడితో," అన్నారు. మామయ్య చెయ్యెత్తి ఆపాడు.

"వ్యవసాయాఫీసులో ఫిర్యాదు ఇచ్చి వస్తున్నాను. ఆ సంగతి నీకు నా నోటితోనే తెలియాలని వచ్చాను. ఇంకొకరు చెప్తే బాగోదు."

పరదా పక్కన అమ్మ నిలబడి ఉంది. మామయ్య ఆమెను చూశాడు. "అక్కా, నేను చేసింది తప్పంటావా?" అని అడిగాడు. అమ్మ పరదా వదిలేసి లోపలికెళ్ళింది.

మర్నాడు వ్యవసాయాధికారి వచ్చి, మిగిలిన పెట్టెల్లోంచి పొట్లాలు తీసి సంచిలో వేసి, కొట్టుకు తాళం పెట్టించి వెళ్ళాడు. ఆ పొట్లాలు పరీక్షకు ఎక్కడికి రావాలో అక్కడికే వచ్చాయి. మా ల్యాబుకు.

మేడమ్ నన్ను పిలిచారు. "అవి మీ అన్నయ్య కొట్టువని నాకు తెలుసు. ఆ పరీక్ష నేనే చేస్తాను. అయ్యేదాకా నువ్వు ఆ గదిలోకి రావద్దు, నన్ను ఏమీ అడగొద్దు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

అర్థమైంది. అయినా ఇంటికెళ్ళేసరికి వదిన పెరట్లో నా కోసం కాచుక్కూర్చుంది. కొంగు చాటున ఒక పొట్లం ఉంది. నలిగిన పెట్టెలోది, పక్కన పెట్టి మర్చిపోయినది, తాళం పడేముందే ఇంట్లో ఉండిపోయింది.

"నువ్వు చూసి చెప్పు," అంది.

"వద్దు వదినా. మేడమ్‌కి తెలిస్తే ఊరుకోరు."

"ఆవిడ పరీక్ష ఊరికోసం. ఇది నా కోసం. నేను ఆయన పక్కన కూర్చుని నా చేత్తో పొట్లాలందించాను. నేనేం అందించానో నాకు తెలియాలా వద్దా?"

"అన్నయ్య అట్లాంటివాడా, నీకు తెలీదా?"

వదిన పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది. "కొత్త కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ మనిషి మనిషిలా లేడు. నిద్రలో కూడా లెక్కలు వేస్తున్నాడు. అట్లాంటివాడా అని నువ్వు అడిగితే, అంతకుముందైతే కాదు అనేదాన్ని. ఇప్పుడు చూసి చెప్పమంటున్నాను."

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు నా బల్ల దగ్గరే ఆ పని చేశాను. మామయ్య చేలో ఆకు నుంచి పెంచిన బూజు నా దగ్గరే ఉంది. ఒక గుంటలో ఉత్తి నీళ్ళు, ఒక గుంటలో రాగి ఉప్పు, ఒక గుంటలో పొట్లంలో మందు. సాయంత్రం అందరూ ఇళ్ళకు బయల్దేరుతుంటే పలక తీసి చూశాను.

నీళ్ళలోవి మొలిచాయి. రాగి ఉప్పులోవి మొలవలేదు. మూడో గుంటను మైక్రోస్కోప్ కిందికి జరిపి, మర తిప్పి, కన్ను ఆనించాను. మొలిచాయి. ఉత్తి నీళ్ళలో ఎట్లా మొలిచాయో అట్లాగే, దారాలు చాచుకుని, ఒకదాన్నొకటి దాటుకుంటూ. మందున్నట్టే లేదు. పలక మార్చి మళ్ళీ వేశాను, మందు పాళ్ళు పెంచాను. మర్నాడు కూడా అదే. రెండో రోజు చూశాక పలకలు కడిగి బోర్లించేశాను.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే వదిన చెంబు పట్టుకుని పక్కకొచ్చింది. నా ముఖంలోకి చూసింది.

"మొలిచింది వదినా," అన్నాను.

"అంటే?"

"మందులో వేసినా మొలిచింది. నీళ్ళలో మొలిచినట్టే."

వదిన చెంబు కింద పెట్టి లోపలికెళ్ళింది. ఆ పూట నుంచి అన్నయ్యతో మాటలు మానేసింది. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, వెళ్ళి అమ్మ గదిలో కూర్చునేది. అన్నయ్యకు ఎందుకో తెలీదు. కొట్టు తాళం వేసి ఉంది, వీధిలోకెళ్తే జనం ముఖం తిప్పుకుంటున్నారు, ఇంట్లో ఉంటే ఇదీ. పగలంతా వసారాలో ఒక ఖాళీ డ్రమ్ము ముందేసుకుని దాన్ని తోముతూ కూర్చునేవాడు. తోమడానికి అందులో ఏమీ లేదు.

ఒకరోజు నేను ల్యాబుకు బయల్దేరుతుంటే ఆపాడు.

"నిన్నొకటి అడుగుతాను. ఊరంతా అనుకోనీ, మామయ్య అనుకోనీ. నువ్వు కూడా నేను సుద్ద కలిపాననుకుంటున్నావా?"

చెప్పులు వేసుకుంటూ వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. మైక్రోస్కోప్‌లో చూసిన ఆ దారాలే కళ్ళముందు ఉన్నాయి. "ఆలస్యమైపోతోంది అన్నయ్యా," అని వెళ్ళిపోయాను. వీధి మలుపు తిరుగుతూ చూస్తే ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

ఆరోజు పని సాగలేదు. ఒకే పలకను రెండుసార్లు లెక్కపెట్టి రెండు రకాలుగా చెప్పాను. మేడమ్ పిలిచి తలుపేశారు.

"ఏంటి సంగతి?"

చెప్పేశాను. పొట్లం, మధ్యాహ్నాలు, మూడో గుంట, అన్నీ. వింటున్నంతసేపూ ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.

"నిన్ను ఆ గదిలోకి రావద్దన్నాను. నువ్వు ఏకంగా ఇంకో గదే పెట్టుకున్నావు," అన్నారు. "దీనికి నీకు శిక్ష ఉంటుంది, అది తర్వాత. ముందు ఒకటి చెప్పు. మొలిచింది, సరే. మొలిచి ఏం చేసింది?"

"ఏం చెయ్యడమేంటి మేడమ్?"

"గాజు మీద మొలిచింది. గాజును తింటుందా? దానికి కావలసింది ఆకు. ఆకు మీద చూశావా?"

"లేదు మేడమ్."

ఆవిడ లేచి భోజనాల బల్ల మీద ఎవరో వదిలేసిన ఉల్లిపాయ తెచ్చారు. కోసి, లోపలి రేకు వెనకనుండే సన్నటి పొరను పట్టకారుతో లాగారు. పల్చటి ప్లాస్టిక్ కాగితంలా వచ్చింది. "దీని మీద వెయ్. సగం మీద నీళ్ళు, సగం మీద మీ అన్నయ్య మందు. నేను పక్కనే కూర్చుంటాను."

మర్నాడు ఇద్దరం కలిసే చూశాం. నీళ్ళ వైపు ముందు చూపించారు. ప్రతి మొలక చివరా ఒక గుండ్రటి ముద్ద ఉంది, కాటుక బొట్టులా నల్లగా. దాని కింద నుంచి సన్నటి పోగులు పొర లోపలికి దిగి, కణం నుంచి కణానికి పాకిపోయాయి.

"అది దాని పాదం. ముందు మొలుస్తుంది, తర్వాత పాదం ఆనిస్తుంది. ఆ పాదానికి నల్లటి గోడ కడుతుంది. గోడ గట్టిగా ఉంటేనే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడితోనే ఆకును పొడుస్తుంది. ఇప్పుడు ఇటు చూడు."

మందు వైపు కూడా మొలకలున్నాయి. పాదాలూ ఉన్నాయి. కానీ ఒక్కటీ నల్లబడలేదు. నీటిబుడగల్లా తెల్లగా, పొర మీద ఊరికే ఆనుకుని ఉన్నాయి. కింద పోగు లేదు. ఎంతసేపు వెతికినా ఒక్క పోగు లేదు.

"రాగి మొలకనే చంపుతుంది. ఈ మందు అట్లా కాదు. మొలకను ముట్టుకోదు. ఆ నల్లగోడ కట్టనివ్వదు, అంతే. మొలిచింది గానీ దూరలేదు." మేడమ్ లేచారు. "నా పరీక్షలోనూ ఇదే వచ్చింది. నారు మీద కూడా చల్లి చూశాను. పొట్లాల్లో ఉన్నది అసలైన మందే. మీ అన్నయ్య ఏమీ కలపలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పట్టించుకోలేదు.

"ఇంకో సంగతి కూడా విను, సంబరంలో మర్చిపోతావు. ఇది బయట కాపలా కాసే మందు. దొంగ ఇంట్లో దూరాక గడియ పెడితే ఏం లాభం? దూరకముందు కొట్టిన చేను నిలుస్తుంది. దూరాక కొట్టిన చేను కాలుతుంది. ఆ కాలిన చేలవాళ్ళు ఎప్పుడు కొట్టారో నాకు తెలీదు. అది నా పరీక్షలో లేదు."

నాకు తెలుసు. మామయ్య బల్ల మీద ఆకు పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

ఇంటికెళ్ళి వదినకు చెప్పాను. గుమ్మంలోనే చతికిలబడింది. చాలాసేపు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని, లేచి వెళ్ళి అన్నయ్యకు టీ పెట్టింది. గ్లాసు చేతికిస్తూ, "చల్లారకముందు తాగండి," అంది. అన్ని రోజుల తర్వాత అదే మొదటి మాట. అన్నయ్య గ్లాసు పట్టుకుని ఆమె వైపూ నా వైపూ వెర్రిగా చూశాడు.

"మందు మంచిదే అన్నయ్యా. మేడమ్ కాగితం పంపారు, అధికారి రేపు అందరి ముందూ చెప్తాడు."

ఆయన కళ్ళ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను చెప్పలేదూ," అన్నాడు. "నేను మొదట్నుంచీ చెప్పలేదూ."

వదిన లోపలికెళ్ళేదాకా ఆగాను. "మందు మంచిదే. ఆలస్యంగా కొట్టారు. మచ్చ కనబడగానే కొట్టుంటే నిలిచేది."

ఆయన చెయ్యి తీశాడు. టీ కొంచెం తాగాడు. "వాగు పొంగితే నేనేం చేస్తాను?" అన్నాడు.

గ్లాసులో సగం అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు సొసైటీ ఆఫీసు వరండాలో అందరూ పోగయ్యారు. అమ్మ, వదిన, నేను ఒక పక్క నిలబడ్డాం. మామయ్య ముందు బెంచీ మీద, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అన్నయ్య స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అధికారి చెప్పాల్సింది చెప్పాడు. మందులో కల్తీ లేదు, పాళ్ళు సరిగ్గా ఉన్నాయి, కేసు లేదు. కొట్టు తాళంచెవి జేబులోంచి తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు.

మామయ్య నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్. ఆయన చెప్పింది కాగితం మీది మాట. నువ్వక్కడ పనిచేస్తున్నావు. మందు మంచిదైతే నా చేను ఎందుకు కాలింది? నాకర్థమయ్యేటట్టు చెప్పు."

అన్నయ్య వైపు చూడకుండా చెప్పాను. బూజు ఆకులోకి దూరకముందు మందు పడితే ఆపుతుంది, దూరాక పడితే ఆపలేదు అని. ఉల్లిపొర సంగతి చెప్పాను. నేను చెప్తున్నంతసేపూ మామయ్య కళ్ళార్పలేదు.

"అంటే ముందు కొట్టాల్సింది."

"అవును మామయ్యా."

"మచ్చ చూసిన పూటే నేను కొట్టుకొచ్చాను కదా."

ఆ మాట ఆయన నన్నే అడిగాడో, తనలో తనే అనుకున్నాడో తెలీదు. నేను తల వంచుకున్నాను. వెనక నుంచి ఒక పెద్దాయన సర్దిచెప్తున్నట్టు, "వానలకి లారీ ఆగిపోయింది కదయ్యా, వాడి చేతిలో ఏముంది," అన్నాడు. కొంతమంది తలలూపారు. అంతటితో అయిపోయేదే. కొందరు లేచి తువ్వాళ్ళు దులుపుకుంటున్నారు కూడా.

"లారీ ఆగిందని నాకు మొదటి రోజే తెలిసింది," అన్నాడు అన్నయ్య.

లేచినవాళ్ళు ఆగారు.

"కబురొచ్చింది. ఎప్పుడు కదులుతుందో తెలీదన్నారు. అయినా రేపు, రేపు అని చెప్పాను. కొత్త కొట్లో సరుకుందని కూడా తెలుసు. మామయ్యనే కాదు, ఇక్కడున్న చాలామందిని నేనే ఆగమన్నాను." తాళంచెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చాడు. "అటు వెళ్తే మళ్ళీ ఇటు రారని."

వదిన నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. మామయ్య నేల చూస్తూ, "అంతేనా?" అన్నాడు.

"అంతే మామయ్యా."

మామయ్య లేచి, చెప్పులు వేసుకుని, వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ.

ఆ మధ్యాహ్నమే అమ్మ సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. అన్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "నామీద కోపమా అమ్మా?"

"కోపం కాదురా. మీ మామయ్య ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్ళయిందో. వాడి ముందు ఊరికే నిలబడలేను, నాకు చెయ్యడానికి ఏదో ఒక పని కావాలి." సంచి భుజాన వేసుకుంది. "నువ్వా మాట చెప్పకపోతే అసలు వెళ్ళలేకపోయేదాన్ని. నా ముఖం వాడికి చూపించలేకపోయేదాన్ని."

కొట్టు తెరిచాక కూడా జనం పెద్దగా రాలేదు. నాకు మేడమ్ వేసిన శిక్ష, ఆ పంటకాలం అయిపోయేదాకా గాజు సామాను కడగడం. గంటలకొద్దీ తొట్టి ముందు నిలబడి పలకలు కడిగేదాన్ని. ఒకందుకు అదే మంచిదయింది. చేతులు పనిలో ఉంటే మనసు కొంచెం నెమ్మదించేది.

కోతలప్పుడు ఒక సెలవు రోజున అమ్మను చూడ్డానికి మామయ్య ఊరికి వెళ్ళాను. ఇద్దరూ చేలోనే ఉన్నారు. కాలిన చేనును కూడా కొయ్యాలి, వదిలేస్తే అందులోని బూజే వచ్చే పంటకు అంటుకుంటుంది. గింజ లేని వరిని కోస్తుంటే కొడవలి చప్పుడు కూడా తేలిగ్గా ఉంది. అమ్మ మోపులు కడుతోంది. నేనూ కొంగు బిగించి దిగాను. మామయ్య నన్ను చూసి, "చదువుకున్న చేతులు, కోసుకుంటావు జాగ్రత్త," అన్నాడు. ఆ మాత్రం మాట్లాడాడు, చాలనుకున్నాను.

కాసేపటికి గట్టు మీద అన్నయ్య కనిపించాడు. చేతిలో కొడవలి ఉంది. వచ్చి గట్టు దిగకుండా నిలబడ్డాడు. అమ్మ మోపు కట్టడం ఆపింది. మామయ్య తలెత్తలేదు, పిడికిట్లో ఉన్న దుబ్బు కోసి పక్కన పెట్టి ఇంకోటి పట్టుకున్నాడు.

"కొట్టు మూసొచ్చావా?" అన్నాడు, వంగినవాడు వంగినట్టే.

"లేదు. నీ కోడలు కూర్చుంది."

"సరుకుందా?"

"కొంత ఉంది. కొంత ఇంకా దిగలేదు."

"లేనిదాని కోసం వచ్చినవాళ్ళకి ఏం చెప్తోంది?"

"కొత్త కొట్లో ఉంది, అక్కడ తీసుకోమంటోంది."

మామయ్య కొడవలి ఆగింది. "ఎవరు చెప్పమన్నారు?"

"నేనే."

మామయ్య నడుం పట్టుకుని నిటారుగా లేచాడు. అన్నయ్యను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూశాడు. "ఆ చివర నుంచి మొదలుపెట్టు," అన్నాడు. "ఇక్కడ చోటు లేదు."

చోటుకేం, చేనంతా చోటే. అన్నయ్య మాట్లాడకుండా ఆ చివరికి నడిచాడు. చాన్నాళ్ళుగా కొడవలి పట్టని చెయ్యి, మొదట్లో దుబ్బు తెగేది కాదు, పీక్కొచ్చేది. మామయ్య అటు చూడనట్టే చూస్తూ ఉన్నాడు. అమ్మ నా చేతికి నీళ్ళ చెంబిచ్చి, "ముందు మామయ్యకి, తర్వాత వాడికి," అంది. మామయ్య సగం తాగి, మిగిలిన చెంబు నాకిచ్చి, అవతలి చివరకేసి గడ్డంతో చూపించాడు.

పొద్దు వాలేసరికి ఇద్దరి మధ్యా కొంచెమే మిగిలింది. దాన్ని అట్లాగే వదిలి మామయ్య కొడవలి నడుముకు దోపుకున్నాడు. అన్నయ్య అరచేతులు బొబ్బలెక్కాయి, చూసుకోకుండా వెనక్కి పెట్టుకున్నాడు.

"పొద్దున్నే వచ్చెయ్. ఇది కోసి కుప్పలు వేస్తే, ఎండాక కాల్చేద్దాం," అన్నాడు మామయ్య, గట్టెక్కుతూ.